మంచినీళ్లకి తలసేమియా

ఆ ఎండాకాలం, మోహనకృష్ణ తయారుచేసిన పెట్టె మంచినీళ్లకి కూడా తలసేమియా ఉందని తేల్చేసింది.

పెట్టె అంటే మరీ పెద్దదేం కాదు. పాతకాలపు రేడియో అంత ఉంటుంది. కంచరపాలెంలో రైలు పట్టాలకి దగ్గరగా గంగాలమ్మ అనే ఆవిడ మేడమీద రెండు గదులు అద్దెకి తీసుకుని, అతనూ ఆశాజ్యోతీ రెండేళ్లుగా దాంతోనే కుస్తీ పడుతున్నారు. మోహనకృష్ణ ఇంజనీరు. తండ్రి భీమశంకరరావు గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో చేరి, అక్కడే రిటైరైన మనిషి. కొడుకు ఆ ప్లాంటుకే వేడి కొలిచే మీటర్లు చేసిపెట్టే కంపెనీలో కొన్నాళ్లు ఉన్నాడు. ఉక్కు కరిగే వేడిని అదుపు చేసినవాడికి రక్తపు బొట్టు వేడి ఎంత అనుకుని, ఆశాజ్యోతి అడగ్గానే ఈ పనిలోకి దూకాడు. దూకాక తెలిసింది, ఉక్కే నయమని.

ఆశాజ్యోతి సముద్రం మీద వేటకెళ్లేవాళ్ల ఇంటి పిల్ల. యూనివర్సిటీలో జీవశాస్త్రం చదివింది. ఆమె అక్క కూతురు సాయిదుర్గకి తలసేమియా. ఒంట్లో రక్తం నిలవదు. నెల తిరిగేలోగా ఎవరిదో రక్తం తెచ్చి ఎక్కించాలి. తల్లికీ తండ్రికీ ఒక్కొక్క చెడ్డ జన్యువు ఉంటే వాళ్లకేమీ కాదు, క్యారియర్లు అంటారంతే. ఆ రెండూ కలిసి ఒకే బిడ్డకి వస్తేనే జబ్బు. గర్భం మూడో నెలలో పరీక్ష చేస్తే తెలుస్తుంది. కానీ ఆ పరీక్షకి హైదరాబాదు పంపాలి, రోజుల తరబడి ఎదురుచూడాలి. చాలామంది అంతదాకా రారు. నర్సీపట్నంలోనో పాడేరులోనో చిన్న ఆస్పత్రి బల్లమీద పెట్టుకుని ఒక్కపూటలో తేల్చేసే పెట్టె కావాలని ఆశ కోరిక.

పెట్టెలో పెట్టడానికి తపాలా బిళ్లంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని చిప్పు అనేవాళ్లు. అందులో వెంట్రుకంత సన్నని దారులు, వరసగా నాలుగు గుంటలు. గుంటలో వేసిన దాంట్లో మంచి జన్యువు కనబడితే పచ్చ దీపం, చెడ్డది కనబడితే ఎర్ర దీపం. రెండూ వెలిగితే క్యారియర్. ప్రతిసారీ చివరి గుంటలో మాత్రం ఉత్త నీళ్లు పోసేవాళ్లు. నీళ్లలో మనిషి ఉండడు కనక అక్కడ ఏ దీపమూ వెలగకూడదు.

అక్కడే పచ్చా ఎరుపూ రెండూ వెలుగుతున్నాయి. నీళ్లకే కాదు, ఎవరి రక్తం పోసినా అంతే. ఊరు ఊరంతా క్యారియర్లే.

"మీ పెట్టెలోనే ఏదో తేడా ఉందండీ మోహన్‌గారూ," అంది ఆశ.

"నా పెట్టె వేడెక్కమంటే వేడెక్కుతుంది, చల్లారమంటే చల్లారుతుంది. దీపాలు వెలిగేది మీ మందుల్ని బట్టి," అన్నాడతను.

ఆశ మందులన్నీ పారబోసి కొత్తవి తెప్పించింది. బల్లలూ గోడలూ బ్లీచింగ్ నీళ్లతో కడిగింది. ఇంజక్షన్లలో వాడే నీళ్ల సీసాలు కొని, మూత తీసిన వెంటనే వాడింది. రెండు దీపాలూ పెళ్లిపందిట్లోలా వెలుగుతూనే ఉన్నాయి. వానలు తగ్గాక, ఈ పనికి డబ్బిచ్చిన పెద్దలు ఢిల్లీ నుంచి వచ్చి పెట్టె చూస్తారు. వాళ్లముందు నీళ్లకి జబ్బుందని చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అందుకే ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తగ్గించారు.

ఇది చాలనట్టు, మేడమీద ఆడో మగో చెప్పే మిషను చేస్తున్నారని వీధిలో పుకారు. అది చట్టం ఒప్పుకోని పని, మేం చెయ్యం అని మోహనకృష్ణ బోర్డు రాయించి మెట్ల దగ్గర కట్టాడు. బోర్డు చూశాక వచ్చేవాళ్లు ఇంకా ఎక్కువయ్యారు. ఇంటావిడ గంగాలమ్మే ఓ రోజు కోడల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కింది.

"ఓపాలి సూసి సెప్పీ బాబూ. ఎవుళికీ సెప్పనులే," అంది గుసగుసగా.

"మా పెట్టెకి ఆ సంగతి తెలీదమ్మా. తెలియకుండా ఉండేలానే చేశాం."

"తెల్దా? మరి రెండేళ్ల నుండీ ఏటి సేత్తన్నట్టు?"



ఓ మధ్యాహ్నం ఆశ భోంచేసి తిరిగొచ్చేసరికి అతను కిటికీ దగ్గర నిలబడి కొత్త చిప్పుని పిల్లనగ్రోవిలా పెదాలకి ఆనించి ఊదుతున్నాడు. ఆశ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటది?"

"ఏంటి?"

"ఇప్పుడేటి సేసినారు?" ఆమెకి కోపమొచ్చినా కంగారొచ్చినా యూనివర్సిటీ భాష పోయి ఇంటి భాష వచ్చేస్తుంది.

"లోపల దారి మూసుకుపోయిందేమో చూస్తున్నా. నోటితో ఊదితే ఇట్టే తెలిసిపోతుంది."

"అన్నిటికీ ఇలగే ఊదతన్నారేటి?"

"ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు," అన్నాడు మోహనకృష్ణ, పని మీద తనకున్న శ్రద్ధకి తనే మురిసిపోతూ.

ఆశ చేతిలో సంచీ కింద పడేసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కుర్చీలో కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి అర్థం కాలేదు.

"నీళ్లలో ఉన్నది మీరండీ బాబూ! మీ ఉమ్మి! ఇన్నాళ్ల నుంచీ ఊళ్లోవాళ్లని కాదు, మనం మిమ్మల్నే టెస్టు సేత్తన్నాం!"

మోహనకృష్ణ ఓ క్షణం చిప్పు వైపు చూశాడు. మరుక్షణం ఎగిరి గంతేశాడు. "అంటే నా పెట్టె అబద్ధం చెప్పలేదు! కంటికి కనపడని తుంపరని కూడా పట్టేసింది! ఆశగారూ, ఇది దొంగల్ని పట్టే కుక్క కన్నా నయమండీ!" వరండాలోకి పరుగెత్తి, కింద బియ్యం ఏరుకుంటున్న గంగాలమ్మకి కూడా ఆ సంగతి చెప్పాడు. ఆవిడకేమీ అర్థం కాకపోయినా, మంచి కబురేనని తెలిసి చెయ్యూపింది.

లోపలికొచ్చేసరికి ఆశ నవ్వడం మానేసింది.

"అది సరేనండి. మీ ఉమ్మికి రెండు దీపాలూ ఎందుకెలిగినాయి?"

ఆశ ఎవరూ ఊదని చిప్పు ఒకటి విప్పింది. మొదటి గుంటలో అతని వేలి నుంచి తీసిన రక్తం, రెండో దాంట్లో తనది, చివర నీళ్లు. పెట్టె తన పని తను చేసుకుంటుంటే ఇద్దరూ చెరో పక్కా కూర్చున్నారు. నీళ్ల దగ్గర చీకటి. రెండేళ్లలో అంత అందమైన చీకటి వాళ్లు చూడలేదు. ఆశకి పచ్చ దీపం ఒక్కటే. మోహనకృష్ణకి పచ్చా, ఎరుపూ.

"క్యారియర్‌ అంతే కదండీ. మీకేటీ అవ్వదు," అంది ఆశ.

"ఆ మాట వచ్చినవాళ్లందరికీ నేనే చెప్తుంటాను కదా," అని నవ్వబోయాడు.

"ఇంట్లో చంద్రికగారికి ఎన్నో నెలండి?"

"మూడు."

"ఆవిడ మీ మేనమామగారి కూతురే కదూ?"

మేనరికంలో ఒకే ఇంటి జన్యువు రెండు వైపులా ఉండడానికి ఎంత అవకాశం ఉందో బొమ్మలు గీసి మరీ కాలేజీల్లో చెప్పి వచ్చిన మనిషి అతను. ఆ బొమ్మలో తననీ చంద్రికనీ ఎప్పుడూ పెట్టి చూసుకోలేదు.

కూర్మన్నపాలెంలో ఇంటికెళ్లి భార్యకి సంగతంతా చెప్పాడు. ఉమ్మి దగ్గరికి వచ్చేసరికి చంద్రిక పొట్ట పట్టుకుని నవ్వింది. "బావా, చిన్నప్పుడు మా మామిడి తాండ్ర కూడా ఇలాగే ఎంగిలి చేసేవాడివి." కథ చివరికి వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగింది. కాసేపు చీర కొంగు చివర మెలిపెట్టింది.

"అయితే నా వేలు కూడా పొడు. దాచుకుని ఏం చేస్తాం?"

చంద్రికకీ రెండు దీపాలూ వెలిగాయి. డాక్టర్ కనకరత్నంగారు వేరే రక్తపరీక్ష చేయించి అవునని చెప్పారు. ఆవిడ మహారాణిపేటలో కాన్పుల క్లినిక్ నడిపే పెద్దావిడ. మొదటి నుంచీ వీళ్ల పెట్టెకి మంచీ చెడ్డా చెప్పేది ఆవిడే.

ఇంట్లో కలకలం రేగింది. "మా వంశంలో ఇలాంటివి ఏనాడూ లేవు," అని భీమశంకరరావు కుర్చీలో నిటారుగా కూర్చుని ప్రకటించాడు. ఆయన రక్తమూ తీశారు. పచ్చ దీపమే వెలిగింది. ఆయన మీసం మెలేశాడు. మోహనకృష్ణ తల్లి కాంతమ్మకి రెండూ వెలిగాయి.

"చూశావా, నీ పుట్టింటివాళ్లది!" అన్నాడాయన.

"ఆయ్, మావాళ్లదే," అంది కాంతమ్మ ఏమాత్రం తగ్గకుండా. "మా పుట్టింటి ఆస్తి మా అన్నయ్యకీ నాకూ సమానంగా పంచారు. నా వాటా నా కొడుక్కి వచ్చింది, మా అన్నయ్య వాటా నా మేనకోడలికి వచ్చింది. మీ వైపు నుంచి నా కొడుక్కి ఏం వచ్చింది, ఆ బట్టతల తప్ప?"

అందరూ నవ్వారు. కాంతమ్మ వంటింట్లోకి వెళ్లి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకోవడం చంద్రిక ఒక్కతే చూసింది. వెనకనుంచి వెళ్లి మేనత్త భుజం మీద గడ్డం ఆనించింది.

కనకరత్నంగారు ఇద్దర్నీ కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. నాలుగు కాన్పుల్లో ఒకదానికి జబ్బు వచ్చే అవకాశం. బిడ్డ మాయ నుంచి చిటికెడు ముక్క తీసి హైదరాబాదు పంపాలి. "ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే కొంచెం మీ పెట్టెకీ ఇస్తాను. ఇలాంటి పరీక్షలకి రిజిస్ట్రేషన్ ఉన్నది నా క్లినిక్‌కి కాబట్టి పెట్టె ఇక్కడికే రావాలి. అది ఏం చెప్పినా మనం ఏమీ నిర్ణయించం. మాట హైదరాబాదుదే."

"నేనైతే ఆ పెట్టె జోలికి పోకుండా ఉంటేనే నయమనుకుంటున్నా," అన్నాడు మోహనకృష్ణ. ఆ మాటకి తనే ఆశ్చర్యపోయాడు.

"అదేంటి బావా? ఊళ్లోవాళ్ల బిడ్డలకి పనికొచ్చేది మన బిడ్డకి పనికిరాదా?" అంది చంద్రిక. అంతే, తేలిపోయింది.

ఆ రోజు ఆటోలో పెట్టెని చంద్రికే ఒళ్లో పెట్టుకుంది. కంచరపాలెం గతుకుల్లో అది కదలకుండా రెండు చేతులా చుట్టేసి, "చూడబోతే ముందు దీన్నే సాకేట్టున్నాను," అంది. పక్కన ఆశ మైక్రోస్కోపు పట్టుకుని కూర్చుంది. మోహనకృష్ణ స్కూటరు మీద వెనకాలే, ఎవరైనా గుద్దేస్తారేమోనన్నంత భయంగా ఆటోని కాపలా కాస్తూ వచ్చాడు.

సూది పని తొందరగానే అయిపోయింది. చంద్రిక అతని చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. తీసిన ముక్కలో ఎక్కువ భాగం మంచుపెట్టెలో సర్దేసి సాయంత్రం బండికి పంపించారు. మిగిలినది ఆశ ముందుకొచ్చింది. అందులో తల్లి కణాలు అంటుకుని ఉంటే ఫలితం తప్పుతుంది. సూదులతో ఒక్కొక్క పోగూ విడదీసి, బిడ్డ వైపుది మాత్రమే ఉంచుకోవాలి. ఆమె ఆ పని మొదలుపెట్టిందో లేదో, కరెంటు పోయింది.

"అయిపోయింది," అన్నాడు మోహనకృష్ణ.

"ఏటైపోయింది? కిటికీ తెరవండి," అని మైక్రోస్కోపు కింద ఉన్న అద్దాన్ని వెలుతురు వైపు తిప్పుకుంది ఆశ. "నా కళ్లకి కరెంటెందుకు? మీ పెట్టె సంగతి సూసుకోండి."

పెట్టెకి కూడా అక్కర్లేదు. ఊళ్లలో కరెంటు మీద ఆశ పెట్టుకోకూడదని అతను దాన్ని స్కూటరు బ్యాటరీతో నడిచేలా చేశాడు. ఉక్కపోతలో అందరూ విసనకర్రలు అందుకుంటే, గదిలో పెట్టె ఒక్కటే సన్నగా గురగురలాడుతూ పనిచేసింది. మొదటి గుంట మోహనకృష్ణది, రెండోది చంద్రికది, మూడోది బిడ్డది, నాలుగోది నీళ్లు.

మొదటి రెండు గుంటల దగ్గరా పచ్చా ఎరుపూ వెలిగాయి, తెలిసిందే. మూడోదాని దగ్గర ముందు ఎర్ర దీపం వెలిగింది. ఎరుపు ఒక్కటే ఉండిపోతే బిడ్డకి జబ్బు ఉన్నట్టే. పచ్చ దీపం మెల్లగా, బద్ధకంగా, తనకేం తొందర లేదన్నట్టు వెలిగింది. నాలుగో గుంట చీకటిగా ఉంది.

"నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి," అంది ఆశ.

"సంబరాలొద్దు," అన్నారు కనకరత్నంగారు. "తల్లి కణాలు రవంత కలిసినా ఇలాగే రెండూ వెలుగుతాయి. నేనేమీ చూడలేదు. మీరూ చూడలేదు."

చూడనిదాన్ని మర్చిపోవడం ఎంత కష్టమో ఆ తర్వాతి రోజుల్లో తెలిసింది. ఆశ విడదీసిన తీరు మీద అతనికి నమ్మకమే. కానీ రాత్రి నమ్మకంగా పడుకున్నవాడు తెల్లారేసరికి అనుమానంతో లేచేవాడు. చంద్రిక తినగలిగినంత తింటూ, అత్తగారితో కబుర్లు చెబుతూ తిరిగింది. ఓ ఆదివారం మాత్రం సాయిదుర్గని చూడాలంది.

ఇద్దరూ స్కూటరు మీద ఆశ వాళ్ల అక్క ఇంటికి వెళ్లారు. సాయిదుర్గ వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుతోంది. "నిన్ననే రక్తం ఎక్కించాం. రెండు మూడు రోజులు దీన్ని పట్టుకోలేం," అంది అక్కడే ఉన్న ఆశ. చంద్రిక చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గీతల్లోకి దిగబోతే మోహనకృష్ణ వద్దని అరిచాడు. ఆమె అరుగు మీద కూర్చుంది. ఆ పిల్ల వచ్చి పక్కన చేరింది.

"నీకు కడుపులో సూది పొడిసినారంట?"

"అవును."

"ఏడ్సినావా?"

"కొంచెం."

"నాను ఏడవను," అంది సాయిదుర్గ గొప్పగా. చేతి మీద సూదుల మచ్చలు వరసగా చూపించింది. ఏ మచ్చ ఏ నర్సమ్మ వేసిందో, వాళ్లలో ఎవరు చాక్లెట్ ఇస్తారో, ఎవరు ఇవ్వరో అన్నీ చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎన్.ఏ.డి. కూడలి దాటాక చంద్రిక అతని వీపుకి తల ఆనించింది. "నాకు భయం లేదంటే అబద్ధం బావా. ఆ పిల్లని చూస్తే ముద్దొస్తోంది, దాని చెయ్యి చూస్తే ఏడుపొస్తోంది. జవాబు వేరేగా వస్తే ఏం చెయ్యాలో నాకు తెలీదు. కానీ తెలియకుండా ఉండటం కన్నా తెలియడమే మేలు."

"ఏం చేసినా ఇద్దరం కలిసే చేద్దాం," అన్నాడతను.

ఫోను వచ్చినప్పుడు మోహనకృష్ణ కంచరపాలెం రైల్వే గేటు దగ్గర ఆగి ఉన్నాడు. ఇనప ఖనిజం మోసుకుని పోర్టుకి పోయే గూడ్సు బండి నెమ్మదిగా కదులుతోంది. సెల్‌ఫోన్ మీద కనకరత్నంగారి నంబరు చూసి స్కూటరు ఇంజను ఆపేశాడు.

"మోహన్, హైదరాబాదు నుంచి..." తర్వాతి మాట మీద నుంచి నాలుగు వ్యాగన్లు వెళ్లిపోయాయి.

"ఏమొచ్చిందండీ?"

"...లాగే..."

"ఎవరిలాగే? మేడమ్, గట్టిగా చెప్పండి!"

"మీ ఇద్దరి..." దడదడదడ.

అతను ఫోను చెవిలో కుక్కుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని, స్కూటరు పక్కనే కూర్చుండిపోయాడు. పక్కనున్న ఆటోవాడు, చేపల గంపతో ఉన్న ఇద్దరాడవాళ్లు వింతగా చూశారు. బండి ఎంతకీ తెమలదు. ఖనిజం మొత్తం ఆ పూటే పోర్టుకి తరలించాలని పట్టుబట్టినట్టు వ్యాగన్ల మీద వ్యాగన్లు వస్తూనే ఉన్నాయి. చివరికి గార్డు పెట్టె కూడా దాటింది. ఒక్కసారిగా వచ్చిన ఆ నిశ్శబ్దంలో మోహనకృష్ణ కేక గేటు దగ్గరున్న వాళ్లందరికీ వినబడింది.

"జబ్బు లేదా?"

"లేదయ్యా బాబూ, ఎన్నిసార్లు చెప్పను! నీలాగే, చంద్రికలాగే క్యారియర్ అంతే. తల్లి కణాలేవీ కలవలేదట. మీ పెట్టె చెప్పిందీ వాళ్లు చెప్పిందీ ఒకటే. ఆశకి చెప్పు, ఆ అమ్మాయి చేతులకి దిష్టి తీయించమని."

గేటు లేచింది. వెనక హారన్లు మోగుతున్నా అతను కదల్లేదు. చేపల గంప ఆవిడ ఆగి, "ఏటయ్యింది నాయినా?" అంది.

"మా బిడ్డకి జబ్బు లేదంటమ్మా!"

"మరి ఏడుస్తావేటి? పో, ఇంటికి పోయి నీ పెళ్లానికి సెప్పు!" అని గదమాయించింది. ఆటోవాడు దిగొచ్చి స్కూటరు స్టార్ట్ చేసిపెట్టాడు.

వానలు తగ్గాక ఢిల్లీ పెద్దలు వచ్చారు. ఎవరివో తెలియకుండా గుర్తులు మార్చిన రక్తాలు తెచ్చి పెట్టెని తిప్పలు పెట్టారు. రెండు తప్పులు పట్టారు, మిగతావి ఒప్పుకున్నారు. మెచ్చుకుంటూనే పెట్టెని ఇంకో రెండేళ్లు క్లినిక్‌లో పరీక్షించాలన్నారు. మోహనకృష్ణ మొహం వేలాడేశాడు. ఆశ మాత్రం ఆ రెండు తప్పులూ ఎక్కడొచ్చాయా అని అప్పుడే వెతకడం మొదలుపెట్టింది.

కార్తీకం వెళ్లాక చంద్రికకి ఆడపిల్ల పుట్టింది. పచ్చగా, బొద్దుగా, చెవులు చిల్లులు పడే గొంతుతో. కాంతమ్మ ఎత్తుకుని, ముక్కు తన పుట్టింటిదేనని తేల్చింది. నుదురు మాత్రం తనదని భీమశంకరరావు వాదించాడు, ఎవరూ కాదనలేదు.

ఆ పరీక్షల్లో భాగంగా పెట్టె నర్సీపట్నం ఆస్పత్రికి కూడా వెళ్లేసరికి ఆ పిల్ల నడుస్తోంది. ఆ ఉదయం మొదట వచ్చింది ఓ చిన్న జంట. భార్యకి ఇరవై ఏళ్లుంటాయేమో. మొగుడు ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. మోహనకృష్ణ జన్యువుల బొమ్మ గీసి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి బొమ్మ వైపు చూడట్లేదు. మూల కుర్చీలో పిల్లని జోకొడుతున్న చంద్రిక వైపే చూస్తోంది.

చంద్రిక లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"సూది నొప్పెడతాదా అక్కా?" అంది ఆ అమ్మాయి మెల్లగా.

"కాస్త నొప్పే. కావాలంటే నా చెయ్యి పట్టుకో," అని చంద్రిక పిల్లని భర్త చేతికిచ్చి, తన చెయ్యి చాచింది.